రెండవ చుట్టునకు తోడు
(ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ అధ్యక్షులవారికి మద్దికెర నుండి బహిరంగ లేఖ)

మహాశయా,

విజయదశమి నాటి రాత్రి దేవరగట్టు కొండమీద కఱ్ఱలు మ్రోగునని లోకమునకెల్ల తెలియును. పత్రికలవారు, కెమెరాలవారు, పోలీసులు అందఱును అచ్చటికే పోవుదురు. అదే దినమున, పొద్దు వాలిన పిమ్మట, మా మద్దికెరలో ఒకప్పుడు ఈ సీమ నేలిన యాదవ ప్రభువుల వంశీయులు భోగేశ్వరస్వామి గుడియొద్ద పూజలు ముగించుకొని, తలపాగలు చుట్టి, గుఱ్ఱములనెక్కి, సుమారు కోసెడు దూరము ఊరివైపునకు పందెము వేసికొని పరుగుతీయుదురన్న సంగతి మాత్రము చుట్టుపట్ల పల్లెలకు దప్ప పెక్కుమందికి తెలియదు. ఈ మాట నేను ఈర్ష్యకొద్దీ అనుటలేదు. కొంచెము ఈర్ష్యయు లేకపోలేదు.

అఱువది యేండ్లుగా ఆ బాట ప్రక్కన నిలిచి ఆ పందెము చూచుచున్నవాడను. చూచి చూచి నేర్చుకొన్న దొక్కటే. గుడి ముంగిటనే కొరడా ఝళిపించినవాడు ఊరి పొలిమేరలో వెనుకబడును. మఱీ బిగబట్టి వచ్చినవాడు ముందువారి గిట్టల దుమ్ము మ్రింగుచు ఆ దుమ్ములోనే మిగిలిపోవును. మెడలో పూలమాల పడునది గుఱ్ఱపు ఊపిరిని తన తొడల క్రింద ఎఱిగినవానికే. ఆ యెఱుక మనుష్యుల పరుగులో అన్నిటికంటె ఎక్కువగా అక్కఱకు వచ్చు పందె మొకటి కలదు. 400 మీటర్ల బాటపై రెండు చుట్లు. బడి మైదానములలో పిల్లలు దానిని ‘ఎయిట్ హండ్రెడ్’ అందురు. ఈ లేఖ దానిని గూర్చియే.

నేను వ్యాయామోపాధ్యాయుడను గాను. ముప్పదేండ్లకు మించి ఈ ప్రాంతపు బడులలో సంధులు, సమాసములు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న తెలుగు పండితుడను. డ్రిల్లు మాస్టరు లేని యేడు ఆటల పీరియడును తెలుగు పండితునికో, డ్రాయింగు మాస్టరుకో అంటగట్టుట ఆనవాయితీ గనుక, నా చేతికి ఈల వచ్చినది. ఈల వెంబడి స్టాప్‌వాచి వచ్చినది. దాని వెంబడి ఈ పిచ్చి వచ్చినది. నా భాష పాతబడినదని మా మనుమరాలు నవ్వుచుండును. పాతబడినవాడను నేను, భాష పాపమేమి చేసినదని దానికి చెప్పుచుందును. మీరును ఆ మాత్రము దయతో చదువుదురని నమ్మి సాగించుచున్నాను.

నూఱు మీటర్ల పందెము ఊపిరి తీసికొనునంతలో ముగియును. మారథానులో ఊపిరియే సర్వము. ఈ రెంటి నడుమ నున్న ఎనిమిదివందల మీటర్ల పరుగు ఉభయులకును చుట్టమై, ఎవరి యింటను ఇమడని బంధువు వంటిది. దేహశాస్త్రము తెలిసినవారు చెప్పు స్థూలమైన లెక్క యేమనగా, ఈ పరుగునకు వలయు శక్తిలో ఇంచుమించు మూడింట రెండు పాళ్లు ఊపిరి సమకూర్చును. తక్కిన పాలు కండరములు అప్పు తెచ్చి పెట్టును. రాయలసీమవారికి అప్పు సంగతి వేఱుగ బోధింపనక్కఱలేదు. తెచ్చునప్పుడు తేలిక, మొదటి చుట్టులో దాని బరువే తెలియదు. ఐదువందల మీటర్లు దాటినది మొదలు వడ్డీ పెరుగును. ఆఱువందల కడ అప్పులవాడు వాకిట వచ్చి నిలుచును. కడపటి మలుపు తిరుగునప్పటికి కాళ్లు మనవి కాక వానివి యగును. ఎంత అప్పు చేయవలెనో, ఏ చోట చేయవలెనో తెలిసినవాడే ఈ పందెమున పరుగుగాడు. పైగా మొదటి మలుపు వఱకే ఎవరి గీతలో వారు. ఆ పిమ్మట అందఱును లోపలి అంచునకు దిగుదురు. మోచేతులు తగులును, మడమలు త్రొక్కబడును. ముందున్నవానికి గాలి యెదురు, వెనుకనున్నవానికి దారి యెదురు. 1986 సియోల్ ఆసియా క్రీడలలో షైనీ అబ్రహాం—తరువాతి కాలపు షైనీ విల్సన్—ముందంజలో నుండియు, దిగవలసిన చోటికి మునుపే లోపలి గీతకు దిగుటచే అనర్హురాలై పతకమును పోగొట్టుకొన్నది. నాలుగేండ్ల సాధన నాలుగడుగులలో పోయినది. ఇట్టి పందెము పుస్తకమున జదివి నేర్చుకొనునది కాదు, ఒంటరిగా మైదానము చుట్టు తిరిగియు నేర్చుకొనునది కాదు.

ఈ పరుగులో మన దేశపు పక్షమున ప్రపంచము నెదుట నిలిచినవారిలో నాకెల్లప్పుడు మొదట తలపునకు వచ్చువారు శ్రీరామ్ సింగ్ గారు. రాజస్థానములోని బద్‌నగర్ అను పల్లెవారు. 1968లో రాజపుతానా రైఫిల్సు పటాలమున చేరినవారు. తొలుత నాలుగువందల మీటర్లు పరుగెత్తుచుండిన ఆ సిపాయిని ఎనిమిదివందలకు మరల్చినవారు శిక్షకుడు ఇల్యాస్ బాబర్. తరువాతి కాలమున ద్రోణాచార్య పురస్కార మందుకొన్న ఆ బాబరు గారు లేనిచో శ్రీరాముడు ఏ ఊరి వాడో మనకు తెలిసెడిది కాదు. 1970లో బాంకాకు ఆసియా క్రీడలలో బర్మావాడైన జిమ్మీ క్రాంప్టన్ వెనుక రజతము, 1972లో మ్యూనికు ఒలింపిక్సున తొలి హీట్సులోనే ఇంటిదారి, 1974లో టెహ్రానున స్వర్ణము, 1976లో మాంట్రియాలు, 1978లో బాంకాకున మరల స్వర్ణము, 1980లో మాస్కో. అర్జున పురస్కారము, పద్మశ్రీ యను రెండు గౌరవములును ఆయనకు మాంట్రియాలునకు ముందే వచ్చినవి. మూడు ఒలింపిక్సులు, మూడు ఆసియా క్రీడలు: ఒక పరుగుగాని కాళ్లు ఇంతకాలము నిలుచుట ఈ దూరమున మిక్కిలి అరుదు.

మాంట్రియాలు ముచ్చట కొంచెము నిలిచి చెప్పనిండు. ఆ యేడు న్యూజీలాండు రగ్బీ జట్టు దక్షిణాఫ్రికాకు పోయినదన్న ఆగ్రహముతో ఆఫ్రికా దేశములు పెక్కు ఒలింపిక్సును బహిష్కరించినవి. ఆ కారణమున మ్యూనికులో ఇదే పందెమున కాంస్యము గెలిచిన కెన్యావాడు మైక్ బోయిట్ బరిలో లేడు. శ్రీరామ్ సింగ్ హీట్సులో 1 నిమిషము 45.86 సెకన్లకు వచ్చి, సెమీఫైనలు దాటి, జూలై 25న తుది పందెమునకు నిలిచెను. తుపాకి మ్రోగెను. ఆ యెనమండుగురిలో క్యూబాకు చెందిన అల్బెర్టో హువాంటొరెనా ఉండెను, బెల్జియమువాడు ఇవో వాన్ డామ్ ఉండెను, అమెరికావాడు రిక్ వోల్‌హ్యూటర్ ఉండెను; అయినను మొదటి చుట్టు ముగిసి గంట మ్రోగునప్పుడు అందఱికంటె ముందున్నవాడు మన రాజపుతానా రైఫిల్సు సిపాయి. ఆ చుట్టునకు పట్టినది 51 సెకన్లకు లోపు. ఆ పిమ్మట ఆ దీర్ఘకాయుడు హువాంటొరెనా అంగలు చాచి ఆయనను దాటిపోయెను, వెనుకవారును ఒక్కొక్కరే దాటిరి. హువాంటొరెనాకు 1:43.50, ప్రపంచ రికార్డు. వాన్ డామ్‌కు 1:43.86; వోల్‌హ్యూటర్‌కు 1:44.12, శ్రీరామ్ సింగుకు 1:45.77, ఏడవ స్థానము.

ఆ వార్త నాకు చేరిన తీరు ఇప్పటికిని మఱువలేదు. అప్పుడప్పుడే ఉద్యోగమున చేరిన కుఱ్ఱవాడను. పత్రిక గుంతకల్లు నుండి ప్యాసింజరు బండిలో వచ్చి మా స్టేషనులో దిగవలెను. అది వచ్చునప్పటికి ఎండ నెత్తికెక్కును. చివరి పుటలో, క్రింది మూల, భారతీయుడు ఏడవవాడుగా వచ్చెనని చిన్న వార్త. స్టేషను మెట్లమీద కూర్చుండి దానిని రెండుసార్లు చదివితిని. ప్రక్కనున్న పెద్దమనిషి తొంగిచూచి “ఏడోవాడా? అంతేనా?” యని పెదవి విఱిచెను. నేనును ఆనాడు అంతే యనుకొంటిని.

అంతే కాదని తెలియుటకు నాకు చాల యేండ్లు పట్టినది. ఈల చేతికి వచ్చి, పిల్లలను పరుగెత్తించి, కాలము కొలుచుట అలవాటైన తరువాత ఒకనాడు ఆయన పందెముల లెక్కలు వరుసగా వ్రాసికొని చూచితిని. టెహ్రానున స్వర్ణము గెలిచిన పరుగు 1:47.6, రెండవ బాంకాకున స్వర్ణము గెలిచిన పరుగు 1:48.8. ఏడవవాడుగా ఓడిన పరుగు మాత్రము 1:45.77! గెలిచిన చోట నెమ్మది, ఓడిన చోట వేగము. ఆసియాలో ఆయనను తరుమువారు లేరు. మాంట్రియాలులో వెన్నుమీద హువాంటొరెనా ఊపిరి తగులుచుండెను. ఆ వేగము తోడువలన వచ్చినది. ఆ తోడు ఒకవైపునకే కాదు. మొదటి చుట్టును అంత వడిగా లాగినవాడు శ్రీరామ్ సింగనియు, తన ప్రపంచ రికార్డునకు అది తోడ్పడినదనియు హువాంటొరెనా అనంతర కాలమున చెప్పియుండెను. ముందు పరుగెత్తి తప్పుచేసెనని అనువారితో నాకు పేచీ అచ్చటనే. వెనుక దాగి యుండినచో ఆయన నాల్గవవాడుగా వచ్చెడివాడేమో, 1:45.77 వచ్చెడిది గాదు.

ఆ 1:45.77 మన దేశపు రికార్డుగా 42 సంవత్సరములు నిలిచినది. దీనిని కీర్తిగా చెప్పుకొనువారిని చూచి నాకు నవ్వు రాదు, దిగులు కలుగును. నలువదిరెండేండ్లలో దేశమున దారులు మాఱినవి, బూట్లు మాఱినవి, సిండరు బాటల స్థానమున రబ్బరు వంటి సింథటిక్ బాటలు వచ్చినవి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో, అదే బాబరు గారి శిష్యుడు, చార్లెస్ బొరోమియో స్వర్ణము గెలిచెను గాని కాలము 1:46.81. చివరకు 2018 జూన్ 27న గువాహటిలో కేరళవాడు జిన్సన్ జాన్సన్ 1:45.65కు వచ్చి ఆ రికార్డును దాటెను. సెకనులో పండ్రెండు నూఱవ వంతులు. దానికి నలువదిరెండేండ్లు! ఆ యేడే జకార్తా ఆసియా క్రీడలలో జరిగినది మఱింత ఆలోచింపదగినది: రికార్డు గల జిన్సన్‌ను హర్యానావాడు మంజీత్ సింగ్ కడపటి అడుగులలో దాటి స్వర్ణము దీసికొనెను, జిన్సను రజతమునకు తృప్తిపడి, కొన్ని దినములకు 1500 మీటర్లలో స్వర్ణము దెచ్చుకొనెను. మన దేశములో ఇద్దఱు ఒకరినొకరు తరుముకొను కాలము వచ్చినది. వచ్చిన ఏడేండ్లకు, 2025లో, మొహమ్మద్ అఫ్సల్ 1 నిమిషము 45 సెకన్ల లోపల పరుగెత్తెను. నలువదిరెండేండ్లు కదలని ఱాయి, తోడు దొరకిన తరువాత దొరలినది.

ఇప్పుడు మన వాకిటికి వత్తము. తెలుగు నేల పరుగునకు గొడ్డుబోయిన నేల కాదు. విశాఖపట్టణపు జ్యోతి యఱ్ఱాజి నూఱు మీటర్ల హర్డిల్సులో ఆసియా విజేత. తణుకు పిల్ల జ్యోతికశ్రీ దండి పారిస్ ఒలింపిక్సున రిలే జట్టులో పరుగెత్తినది. వరంగల్లు జిల్లా కల్లెడలో కూలి చేసికొను దంపతుల బిడ్డ దీప్తి జీవాంజి 2024 మే నెలలో జపానులోని కోబేలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీలలో, మేధోవైకల్యము గలవారి 400 మీటర్ల టీ20 విభాగమున 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణము గెలిచి, ఆ యేడే పారిస్ పారాలింపిక్సున కాంస్యము దెచ్చినది. అమ్ముకొనిన పొలమును తలిదండ్రులకు బహుమతి సొమ్ముతో ఆ బిడ్డ మరల కొనియిచ్చెనని చదివినప్పుడు, నా కండ్లద్దములు తుడుచుకొనవలసి వచ్చినది. అయితే ఒక సంగతి గమనింపుడు: వీరందఱును ఒక చుట్టు లోపలివారు. రెండు చుట్ల పందెమున, మూడుముప్పావు చుట్ల పదునైదువందలలో, ఇంటింట తెలిసిన తెలుగు పేరు లేదు. శక్తి లేదందురా? 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తెలంగాణపు గురుకుల విద్యార్థిని అగసర నందిని ఏడు పోటీల హెప్టాథ్లానులో కాంస్యము గెలిచినది. ఆ ఏడింటిలో కడపటిది ఎనిమిదివందల మీటర్ల పరుగు. తక్కినవానిలో ఎంత ప్రతిభ గలవారైనను హెప్టాథ్లానువారికి దానిపై భయమే. నందినికి మొత్తము 5712 పాయింట్లు, నాల్గవ స్థానమున నిలిచిన స్వప్న బర్మనుకు 5708. నాలుగు పాయింట్లు! ఎనిమిదివందల పరుగు లెక్కలో అది సెకనులో మూడవ వంతైనను కాదు. రెండు చుట్ల పందెమును నమ్ముకొని ఆసియా పతకము దెచ్చిన తెలుగు పిల్ల మనకున్నది. ఆ సంగతి మనమే గుర్తింపలేదు.

మా పడమటి కర్నూలు గూర్చి రెండు మాటలు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ: నల్లరేగడి నేలలు. వాన పడినచో అడుగునకు వీసెడు మన్ను కాలికి అంటును. ఎండకాలమున ఆ నేలయే బెత్తెడు వెడల్పున నెఱ్ఱెలు విచ్చును. సున్నముతో గీచిన గీతలు జూలైలో బురదలో కలిసిపోవును, మార్చిలో పగుళ్లలో పడిపోవును. ఏడాదిలో మైదానము సరిగా నుండునది నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు. సరిగా ఆ నెలలలోనే పిల్లలుండరు. వారెచ్చటికి పోవుదురో మీకు తెలియనిది కాదు. ప్రత్తి తీతకు, మిరపకాయ కోతకు గుంటూరు వైపునకు కుటుంబములకు కుటుంబములే కదలిపోవును; మా వైపున దానిని ‘సుగ్గికి పోవుట’ అందురు. ఇంటికి తాళము, మూటలో గిన్నెలు, లారీమీద ముసలమ్మ మొదలు చంటిబిడ్డ వఱకు. పిల్లలకై సీజనలు హాస్టళ్లు పెట్టుట కలదు, పెట్టినంతవఱకు మేలే.

నా పదవీకాలపు చివరి యేండ్లలో ఒక బాలిక ఉండెను. పేరు చెప్పను, ఇప్పుడామె గృహిణి. తొమ్మిదవ తరగతి. వట్టికాళ్లతో, గడియారమునకు భయపడని పరుగు. మొదటి చుట్టు ఆమెను ఎవరును గమనింపరు. మగపిల్లల వెనుక ఎనిమిదవదిగానో తొమ్మిదవదిగానో తల వంచుకొని వచ్చుచుండును. ఆఱువందల మలుపు దగ్గఱ తల యెత్తును. ఆ తల యెత్తుట నేను ఎన్ని మాఱులు చూచితినో! అప్పులవాడు అందఱి వాకిట నిలిచి ఆ పిల్ల వాకిలి మాత్రము మఱచిపోయినట్లుండెడిది. దసరా సెలవులలో రోజును కొంచెము కొంచెముగా కాలము తగ్గుచు వచ్చినది. నా నోటుపుస్తకములో ఆ యంకె లిప్పటికి నున్నవి. దీపావళి వెళ్లిన వారమునకు ఆ పిల్ల బడికి రాలేదు. సంక్రాంతికి లేదు. ఉగాదికి వచ్చినది, చేతివేళ్లు మిరపఘాటుకు మండి, తోలు లేచి యుండెను. “సార్, ఉరుకుతా” నన్నది. ఉరికినది. రెండవ చుట్టు సగములో నిలిచిపోయి, నడుము పట్టుకొని నేల చూచినది. తప్పు ఎవరిదని నన్నడుగకుడు. తండ్రికి అప్పు, తల్లికి ఆకలి, నాకు ఈల. ఎవరిచేతిలో ఉన్నది వారు చేసితిమి.

ఈ దూరపు పరుగు ఆ నాలుగు నెలల విరామమునే ఓర్వదు. నూఱు మీటర్ల వేగము కొంత పుట్టుకతో వచ్చును. కొన్నాళ్లు మానినను ఎక్కడికిని పోదు. రెండు చుట్ల ఊపిరి అట్టిది కాదు. అది నూలు వడికినట్లు దినదినము వడికి చేర్చవలసినది. నాలుగు నెలలు మానినచో పోగు తెగును. పదునాలుగేండ్లకు మొదలిడినచో ఇరువదినాలుగేండ్లకు గాని పంటకు రాదు. ఆ పదేండ్లును ఒకరెవరైనను ఆ పిల్ల ప్రక్కన నుండవలెను. శ్రీరామ్ సింగ్ గారికి ఆ పదేండ్లు పటాలము అన్నము పెట్టినది, బాబరు గారు ప్రక్కన నిలిచిరి. దీప్తిని కల్లెడ బడిలో వ్యాయామోపాధ్యాయుడు గుర్తించెను. శిక్షకుడు నాగపురి రమేశ్ గారు చేయి పట్టుకొని నడిపించిరి. ఒక్కరు గుర్తించుట, ఒక్కరు విడువకుండుట: ఇంతమాత్రమే.

ఈ విడువకుండుటను గూర్చి ఇంకొక దేశపు ముచ్చట. శ్రీరామ్ సింగ్ మాంట్రియాలులో పరుగెత్తిన ఆ 1976లోనే, ఐర్లాండు దేశస్థుడైన కోల్మ్ ఓకానెల్ అను బ్రదరు కెన్యాలోని ఇటెన్ అను కొండయూరికి సెయింట్ పాట్రిక్స్ ఉన్నత పాఠశాలలో భూగోళము చెప్పుటకు వచ్చెను. ఆయన పరుగుగాడు కాడు, శిక్షకుడును గాడు. కొద్దికాలమునకని వచ్చినవాడు అచ్చటనే నిలిచిపోయెను. పిల్లలను పరుగెత్తించుచు, వారు చెప్పినది వినుచు, తానే నేర్చుకొనెను. ప్రపంచ విజేత విల్సన్ కిప్‌కెటర్ ఆ బడివాడే. 2012లో లండను ఒలింపిక్సున తొలి అడుగు మొదలు కడపటి అడుగు వఱకు తానే ముందుండి 1:40.91 ప్రపంచ రికార్డు నెలకొల్పిన డేవిడ్ రుడిషా ఈ భూగోళము మాస్టరు శిష్యుడే. ఆ పందెమున కడపట వచ్చిన ఎనిమిదవవాడు సైతము 1:43.77కు వచ్చెను, హువాంటొరెనా మాంట్రియాలు రికార్డునకు అది బారెడు దూరము. ముందువాడు లాగినచో వెనుకవారెట్లు సాగుదురో చూడుడు! ఆ కొండయూరికి నల్లని మేలుజాతి కాళ్లున్నవి, మాకు లేవని కొందఱు వాదింతురు. ఎత్తైన ప్రదేశపు గాలి మాకు లేదు, నిజమే. కాని అట్టి కొండలు కెన్యాలో ఎన్నో యున్నవి. అన్నిచోట్ల నుండి విజేతలు రాలేదు. ఇటెనులో ఒక మాస్టరు బదిలీ లేక నలువదేండ్లు నిలిచెను. నాకు ఆ ముప్పదేండ్లలో బదిలీ లెన్నియైనవో ఇచ్చట వ్రాయను, లేఖ పెరుగును.

కావున మహాశయా, మిమ్ములను స్టేడియము అడుగుట లేదు. శిలాఫలకములకు మా ప్రాంతమున కొఱత లేదు. కొన్నిటి చుట్టు తుమ్మచెట్లు బాగుగా పెరిగినవి. పడమటి కర్నూలులో ఎచ్చటనైన సరే, ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో పత్తికొండలోనో, మధ్యదూరపు పరుగు తెలిసిన ఒక్క శిక్షకుని నిలుపుడు, పదేండ్లు కదపకుడు. ఆతని చేతిక్రింద ఇరువదిమంది పిల్లలనుంచి, సుగ్గి నెలలలో వారికి పడక, కోడిగ్రుడ్డు, పాలు, ఒక జత బూట్లు సమకూర్చుడు. వారి తలిదండ్రులకు ఆ పిల్లలు కోయకపోయిన మిరపకాయల కూలి యెంతయో లెక్కగట్టి ఏదో యొక రూపమున చేర్చుడు. లేనిచో రెండవ యేడు పిల్లలు మరల లారీ యెక్కుదురు. నెలకొకసారి వారిని పందెమునకు దీసికొనిపోవుడు. అనంతపురమున ఆర్డీటీ సేవాసంస్థవారి క్రీడాగ్రామమున్నది, బళ్లారి జిల్లా విజయనగరులో ఇన్‌స్పైర్ క్రీడాసంస్థ యున్నది, గుంతకల్లులో రైల్వేవారి పరుగుగాండ్రున్నారు. ఇవన్నియు మాకు తెల్లవారి బయలుదేరి మాపటికి ఇల్లు చేరు దూరములే. మా పిల్లలు అచ్చట ఏడవవారుగా రావలెను. ఏడవవారుగా వచ్చి, ముందు పోవువాని వీపు చూచుట నేర్వవలెను. ఇచ్చట ఒంటరిగా మొదటివారుగా వచ్చుట మాకు అలవాటే. దానివలన ఒరిగినదేమియు లేదు.

పతకము వచ్చిన పిమ్మట ప్రభుత్వములు ఇచ్చు కోట్ల నగదు, ఇంటి స్థలము, ఉద్యోగము—వీనిని నేను తప్పుపట్టను. కష్టపడిన బిడ్డకు ఎంతయిచ్చినను తక్కువే. కాని ఒక్క పతకమునకు ఇచ్చు సొమ్ములో చిల్లర వంటి భాగముతో నేనడిగిన ఇరువదిమంది ఎన్ని యేండ్లు పెరుగుదురో మీ కార్యాలయమున లెక్కలు తెలిసినవారు గుణించి చూతురు గాక.

ఇంకొక్క మనవి. ఈసారి విజయదశమికి మా ఊరికి దయచేయుడు. గుంతకల్లులో దిగినచో మా స్టేషను ఎంతో దూరము లేదు; బస్సుమీదనైనను రావచ్చును. గుఱ్ఱముల పరుగు సాయంకాలము. మీరు తెల్లవారుజామునకే రావలెనని నా కోరిక. ఆ రోజు ఉదయము ఆఱు గంటలకు, గుఱ్ఱములు పరుగిడు ఆ బాటమీదనే, టేపుతో కొలిచి ఎనిమిదివందల మీటర్లకు సున్నపు గీత గీయించుదును. వంపు లేని తిన్నని బాట గనుక కాలము రికార్డులకు పనికిరాదు. అయినను చూచుటకు చాలును. పది పండ్రెండుమంది పిల్లలు వత్తురు. వారిలో ఒకతె, ఏడవ తరగతి, ఆఱువందల దగ్గఱ తల యెత్తుచున్నది. ఆమె తల్లిని నేనెఱుగుదును. ఒకప్పుడు నా నోటుపుస్తకములో అంకెలు వ్రాయించినది. దసరా పోయి దీపావళి వచ్చుటకు ఎన్ని దినములుండునో మీకు తెలియును.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
మద్దికెర, కర్నూలు జిల్లా.